పిలువని పేరంటములు

2021వ సంవత్సరాంతమున గుంటూరు, ప్రకాశము, ఖమ్మము జిల్లాలలో మిరప చేలు నిండు పూతమీద నుండగా రైతుల కొక వింత గోచరించినది. పూవును విప్పి చూచినచో లోపల నువ్వుగింజకంటె చిన్నవైన నల్లని పురుగులు పదులకొలది మెదలుచుండెను. కొలది దినములలో పూత రాలెను, లేతాకులు ముడుచుకొనిపోయెను, పిందె నిలువలేదు. తామర పురుగు మిరపకు క్రొత్తది కాదు. మన రైతు దానిని చిరకాలముగా నెఱుగును. కాని ఆ పాత పురుగు ముఖ్యముగా ఆకులను పట్టునది. ఇది పూవులోనే కాపురము పెట్టినది. పాత మందులకు లొంగలేదు. ఒక మందుతో మఱొక మందు కలిపి మరల మరల పిచికారి చేసి, అప్పులు మాత్రము పెంచుకొని, తుదకు పలువురు కాపునకు వచ్చిన పైరును తమ చేతులతోనే పెఱికి గట్టున పడవైచిరి. ఎకరమునకు వేలకొలది రూపాయలు కౌలు ముందుగా చెల్లించినవారి దుఃఖము చెప్పనలవి గాదు.

శాస్త్రజ్ఞులు పరీక్షించి యిది థ్రిప్స్ పార్విస్పైనస్ అను జాతి యని నిర్ణయించిరి. వాడుకలో దీనికి నల్ల తామర పురుగను పేరు స్థిరపడినది. దీని పుట్టినిల్లు ఆగ్నేయాసియా. మన దేశమున 2015లో బెంగుళూరు ప్రాంతపు బొప్పాయి చెట్లమీద దీనిని మొదట గుర్తించిరి. ఆఱేండ్లు గడచినవి. ఆ పిదప అది మన మిరప చేలలో దిగినది. దానిని ఎవరును పిలువలేదు. తామే తెచ్చితిమని యెవరును ఒప్పుకొనలేదు. నష్టపడినవాడు మాత్రము రైతు. ఈ అన్యాయమును గూర్చియే మేమీ నాడు కొంత విపులముగా వ్రాయదలచితిమి.

పరదేశమునుండి వచ్చినది గనుకనే దోషమనుట మా యభిప్రాయము కాదు. అట్లనినచో ముందుగా మిరపనే వెలివేయవలసియుండును. అది అమెరికా ఖండపు మొక్క. పోర్చుగీసువారి యోడలలో వచ్చినది. మిరపకాయ లేని ఆవకాయ నూహింపగల ఆంధ్రుడు నేడెవ్వడును లేడు. బొప్పాయి, జీడిమామిడి, పొగాకు, వేరుసెనగ అన్నియు నట్టివే. కాని వీనిని మనుష్యుడు కోరి తెచ్చుకొన్నాడు, చూచి నాటుకొన్నాడు, ప్రయోజనము నెఱిగి పెంచుకొన్నాడు. మేము చెప్పునది వేఱొక తరగతి జీవములను గూర్చి. ఇవి సరకుల మూటలలో, చెక్క పెట్టెల పగుళ్లలో, మొక్కల వేళ్ల మట్టిలో, ఓడల యడుగున, విమానముల చక్రముల చాటున ఎక్కి వచ్చినవి. తెచ్చినవానికి తాను తెచ్చితినన్న యెఱుకయే యుండదు.

అట్లు వచ్చిన వానిలో పెక్కు జాతులు క్రొత్త గాలికి, క్రొత్త యెండకు తాళలేక నశించును. ఏదో యొకటి బ్రదుకును. ఆ బ్రదికినది మాత్రము ఉపద్రవమగుటకు గట్టి కారణము గలదు. పుట్టిన చోట ప్రతి పురుగునకును ఒక శత్రువుండును. దానిని తినెడు పిట్టయో, దాని గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టెడు కందిరీగ వంటి చిన్న ఈగయో, దానికి బూజు పట్టించెడు శిలీంధ్రమో దానిని అదుపులో నుంచును. ఓడ నెక్కి వచ్చునపుడు పురుగు వచ్చును గాని శత్రువు రాదు. దాయాదుల బెడద లేని యింటికి దత్తు వచ్చినట్లు అది యథేచ్ఛగా వర్ధిల్లును. పైగా మనము చల్లెడు మందులు, దానిని తినదలచిన స్థానిక జీవములను ముందుగా చంపుచున్నవి. మిరప రైతులకు జరిగినది చాల వఱకు నిదియే.

ఈ పిలువని అతిథులలో అగ్రగణ్యము ఎలుక. ఇండ్లలో తిరుగు నల్ల యెలుక జన్మస్థానము మన ఉపఖండమే యని శాస్త్రజ్ఞులు తలంచుచున్నారు. రోమక చక్రవర్తుల కాలపు వర్తకముతో అది ఐరోపాకు చేరినది. పిమ్మట తెరచాప ఓడలతో భూగోళమంతయు తిరిగినది. ఆ యెలుకయే పందొమ్మిదవ శతాబ్దాంతమున మరల మన యింటికి మారిని వెంటబెట్టుకొని వచ్చినది. 1894లో హాంగుకాంగులో చెలరేగిన ప్లేగు 1896 సెప్టెంబరులో బొంబాయి రేవునకు ఆనుకొని ధాన్యపు గోదాములు గల మాండ్వీ పేటలో బయటపడినది. డాక్టరు వీగస్ గారు దానిని గుర్తించిరి. తరువాతి దశాబ్దములలో ఈ దేశమున కోటికి మించిన ప్రాణములు దానికి బలియైనవి. ఎలుక మీది గోమారివంటి చిన్న పురుగు మనుష్యుని కుట్టుటచేతనే వ్యాధి సంక్రమించునని సైమండ్ అను ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో చేసిన పరీక్షవలన తేలినది. అంతలోపల ప్రభుత్వమువారు ఏమి చేసిరి? 1897లో అంటువ్యాధుల చట్టమును నిర్మించి, పూనాలో సోల్జర్లను ఇండ్లలో జొరబెట్టిరి. పూజా గృహములు త్రొక్కబడినవి. స్త్రీలకు అవమానములు జరిగినవి. ఆ యేడే లోకమాన్య తిలకు కేసరిలోని వ్రాతలకై రాజద్రోహ నేరముపై కారాగృహమునకు పంపబడిరి. ఎలుకను విడిచి మనుష్యుని పట్టుకొన్న పాలన మది. ఆ చట్టము మాత్రము చిరంజీవియై 2020లో కరోనా వ్యాధి వచ్చినపుడు కూడ ప్రయోగింపబడినది.

ఒక్క జంతువు ఒక దేశము నెంతగా పాడు చేయగలదో తెలియగోరువారు పసిఫిక్ మహాసముద్రములోని గువామ్ దీవి చరిత్రము చదువవలెను. అది అమెరికావారి యధీనములోని దీవి. వైశాల్యము సుమారు 540 చదరపు కిలోమీటర్లు. మన యొక తాలూకాకన్న మిన్న కాదు. వానపామువలె నుండెడు చిన్న గుడ్డిపాము తప్ప అచట సర్పజాతి లేకుండెను. రెండవ ప్రపంచ సంగ్రామము ముగిసినపిమ్మట న్యూగినీకి ఉత్తరముననున్న అడ్మిరాల్టీ దీవుల సైనిక స్థావరములనుండి మిగిలిన యుద్ధ సామగ్రిని గువామునకు తరలించిరి. ఆ సామగ్రిలో నెక్కడనో చుట్టుకొని గోధుమవన్నె చెట్టుపాము వచ్చినది. రాత్రులందు చెట్లెక్కి గూళ్లలోని గ్రుడ్లను, పిల్లలను, నిదురించు తల్లులను తినుట దాని వృత్తి. పామును చూచి బెదరవలెనని తెలియని పక్షులవి. బెదరుట వానికి తరతరములుగా అవసరమే లేకపోయెను.

ఇరువది ముప్పది సంవత్సరములలో దీవి దక్షిణము నుండి ఉత్తరమునకు అడవులు క్రమముగా మూగవోయినవి. రోగమేదో వచ్చినదని కొందఱు, పురుగుల మందుల ప్రభావమని కొందఱు తలచిరి. జూలీ సావిడ్జ్ అను శాస్త్రజ్ఞురాలు ఊరూర తిరిగి, పాము కనుపించిన సంవత్సరమును, పిట్ట కనుపింపకపోయిన సంవత్సరమును సరిచూచి, దోషి పామేయని 1987లో నిరూపించెను. అప్పటికే సమయము మించిపోయినది. దీవికి సహజమైన 12 అడవి పక్షి జాతులలో 10 ఆ యడవులనుండి మాయమైనవి. పక్షులు పోగా సాలీళ్లు విజృంభించినవి. వానకాలమున ప్రక్క దీవులకన్న నలుబది రెట్లు ఎక్కువగా నుండెనని లెక్క వేసినవారు గలరు. పండ్లు తిని గింజలను దూరముగా వెదజల్లు పిట్ట లేనందున గింజలు తల్లి చెట్టు క్రిందనే పడి మురుగుచున్నవి. పాములు విద్యుత్తు స్తంభము లెక్కి తీగలను కలుపుటచే దీవి పలుమాఱులు చీకటిలో మునిగినది.

దానిని తొలగించుటకై అవలంబించిన యుపాయము విన్నచో పాఠకులు నవ్వుదురేమో. మనము జ్వరమునకు మ్రింగెడు పారసెటమాలు మందు ఆ పామునకు కాలకూటము. 80 మిల్లిగ్రాములు చాలును. చచ్చిన చిట్టెలుకల కా మందు పెట్టి, వానికి కాగితపు గొడుగులవంటివి కట్టి, హెలికాప్టరులనుండి అడవి మీదికి జారవిడుచుచున్నారు. అవి నేలబడక కొమ్మలకు చిక్కుకొనును, పాము వచ్చి తినును. గువామునుండి బయలుదేరు సరకులను కుక్కలచే వాసన చూపించి గాని హవాయి దీవులకు పోనీయరు. ఇంత చేసినను పాము పోలేదు. కోకో యను నేలపిట్టను పంజరములలో పెంచి, పాము లేని ప్రక్క చిట్టి దీవియైన కోకోసులో 2010లో విడిచిరి. సిహెక్ అను లకుముకి పిట్ట 1980వ దశాబ్దము తరువాత అడవిలో లేదు; పంజరముల సంతతినుండి తొమ్మిదింటిని 2024లో దూరపు పాల్మైరా దీవిలో విడువగలిగిరి. స్వదేశమున మాత్రము వానికి తావు లేదు.

భూమిమీద వచ్చునది కంటికైనను కనుపించును. నీటిలో వచ్చునది కనుపింపదు. సరకులేని ఓడ తేలికయై అలలకు తూగును గనుక, బరువునకై రేవులో సముద్రపు నీటిని తన కడుపులోనికి తోడుకొనును. దీనిని బాలాస్టు నీరందురు. సరకు నెక్కించుకొను రేవునకు వచ్చి ఆ నీటిని క్రుమ్మరించును. వేల మైళ్ల యవతలి చేప గ్రుడ్లు, గుల్లల పిల్లలు, నాచులు, క్రిములు అన్నియు దానితో దిగును. 1980వ దశాబ్దారంభమున అమెరికా తూర్పు తీరపు జెల్లిచేపవంటి ప్రాణి యొకటి యిట్లే నల్ల సముద్రమునకు చేరి, చేపల యాహారమును, చేపల గ్రుడ్లను కూడ తినివైచినది. ఆ దశాబ్దాంతమునకు అచటి బెస్తల వలలలో చిన్న చేప పడుట యరుదయ్యెను. మితిమీఱిన వేటయు దీనికి తోడయినదనుట నిజము. చిత్రమేమన, 1997లో దానినే తిని బ్రదుకు మఱొక ప్రాణి అదే విధముగా నచట ప్రత్యక్షమై మొదటిదానిని తగ్గించినది. ఇట్టి యదృష్టమును నమ్ముకొని రేవులను నడుపుట తగదు.

ఈ విషయమున మన విశాఖపట్టణమునకు ప్రత్యేకమైన స్థానము గలదు. అది ఖనిజములను ఎగుమతి చేయు రేవు. ఖనిజమునకై వచ్చు ఓడ ఖాళీగా, అనగా నీటితో, వచ్చును. కరీబియన్ సముద్ర ప్రాంతమునకు చెందిన నల్ల చార లుండు చిన్న ఆలిచిప్పవంటి గుల్ల యొకటి, మిటిలోప్సిస్ సల్లై యని పేరు గలది, 1967లో మన దేశమున మొట్టమొదట విశాఖ రేవులోనే కనుపించినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోని జంతు శాస్త్రాచార్యులు గణపతి గారును, వారి సహచరులును దీనిని పరిశోధించి ప్రకటించిరి. ఓడ యడుగున, రేవు స్తంభములమీద, లంగరు గొలుసులమీద, గొట్టముల లోపల గుత్తులు గుత్తులుగా పట్టి, తక్కిన జీవములకు చోటు లేకుండ చేయుట దీని స్వభావము. ఉప్పు నీరు, మంచి నీరు, మురికి నీరు అన్నియు దానికి సమానమే. పిదప బొంబాయి రేవులోను, తమిళనాడు తీరమునను, కేరళపు ఉప్పుకయ్యలలోను దానిని చూచిరి. గుల్లలు, పీతలు ఏరి బ్రదుకు బీదజనులకు ఇది పొట్టమీది దెబ్బ.

ఈ గుల్లయే 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్ పట్టణమున విహార నౌకల రేవులలో కనుపించినది. ఆఱు నెలలకు ముందు పరీక్షించినపుడు లేదు. ఇప్పుడు చదరపు మీటరునకు వేలకొలది యున్నది. అచటివారు సంఘములు నియమించి నివేదికలకై కాచుకొని కూర్చుండలేదు. ఆ మూడు రేవులకు నీటి తలుపులుండుటచేత వానిని మూసివైచిరి. క్లోరిను, మైలుతుత్తము కలిపి లోపలి నీటినంతయు విషము చేసిరి. లోపలనున్న తక్కిన జలచరములును చచ్చినవి. నౌకల యజమానులు గోలపెట్టిరి. అయినను కొలది వారములలో గుల్ల నిర్మూలమైనది, మరల రాలేదు. సముద్రములో దిగిన క్రొత్త జీవిని పూర్తిగా తుడిచివేయుట లోకమున మిక్కిలి యరుదు. విశాఖవంటి తెఱపి రేవులో ఆ పని చేయుట సాధ్యమని మేమనము. తలుపు లేని యింటికి తాళము వేయలేము. కాని ఆఱు నెలల కొకమాఱు నీటిలో దిగి చూచు నలవాటు అక్కడ ఉండుటచేతనే వారికి తెలిసినది. ఓడలు నడిసముద్రమున నీటిని మార్చుకొనవలెనని, శుద్ధిచేసి గాని రేవులో విడువరాదని చెప్పెడు అంతర్జాతీయ ఒడంబడిక 2004లో వ్రాయబడి, పదుమూడేండ్లకు, అనగా 2017 సెప్టెంబరులో, అమలునకు వచ్చినది. పురుగునకున్న తొందర ప్రభుత్వములకు లేదు.

ఇతరుల దోషములనే లెక్కించుట మాకు సమ్మతము కాదు. మన దేశమునుండి పోయినవియు గలవు. పట్టణములలో మేడలమీది నీళ్ల తొట్లలోను, బావులలోను పెరిగి మలేరియాను వ్యాపింపజేయు స్టీఫెన్సై దోమ దక్షిణాసియాకును, అరేబియా ప్రాంతమునకును చెందినది. ఆఫ్రికాలో మలేరియా పల్లెల వ్యాధి. అచటి దోమలకు పట్టణపు నీళ్లు సరిపడవు. 2012లో ఈ దోమ జిబూటి రేవు పట్టణమున కనుపించినది. ఆ యేట 27గా నుండిన మలేరియా కేసులు 2020 నాటికి 73 వేలకు మించినవి. పిమ్మట ఇతియోపియా మున్నగు దేశములకును పాకినది. ఇక మన కాకి! 1994లో ఓడ నెక్కి రెండు కాకులు హాలెండులోని హుక్ రేవునకు చేరి, ఆ చలిలో కాపురము చేసి, సంతానము పెంచుకొన్నవి. అచటి ప్రభుత్వము వానిని తొలగింప నిశ్చయించగా, జంతు ప్రియులు న్యాయస్థానమున కెక్కిరి. తూర్పు ఆఫ్రికాకు మాత్రము మన కాకిని చెత్త తినునని ఆంగ్లేయులే బుద్ధిపూర్వకముగా జాంజిబారునకు తీసికొనిపోయిరి. అది అక్కడనుండి పాకి చిన్న పిట్టల గూళ్లను కొల్లగొట్టుచుండగా, కెన్యా ప్రభుత్వము 2024లో పది లక్షల కాకులను చంపించెదమని ప్రకటించినది. పితృదేవతల పిండమునకు కాకి రాలేదని బెంగపడు మనకు ఈ వార్త వింతగా నుండును.

ఈ వ్యయమంతయు నెంత? జీవవైవిధ్యమునుగూర్చి ప్రభుత్వములు కలిసి యేర్పఱచుకొన్న శాస్త్ర వేదిక 2023లో ప్రకటించిన నివేదికలో, మనుష్యులచేత క్రొత్త చోట్ల స్థిరపడిన జాతులు 37,000 అనియు, వానిలో 3,500కు మించినవి హానికరములనియు, 2019వ సంవత్సరములో కలిగిన నష్టము 42,300 కోట్ల డాలర్లకు మించెననియు లెక్కించిరి. ఈ సొమ్ము ఓడల యజమాని లెక్కపుస్తకములో నెక్కదు. మొక్కలు తెచ్చిన వర్తకునిది లాభము, పురుగు పట్టిన రైతుది నష్టము. ఒకరి సంచిలో పడినది మఱొకరి గాదెలోనుండి పోయినదే.

చట్టము లేక కాదు. వినాశకరములగు పురుగులను గూర్చిన చట్టము 1914లోనే పుట్టినది. దాని క్రింద 2003లో వెలువడిన యుత్తరువు ప్రకారము విత్తనముగాని, మొక్కగాని దేశములోనికి తేవలెనన్న అనుమతియు, పంపిన దేశపు ఆరోగ్య పత్రమును ఉండవలెను. విశాఖపట్టణమున ఇట్టి సస్య నిర్బంధ కేంద్రము గలదు. సరకుల క్రింద పేర్చు చెక్కబల్లలను సైతము 56 డిగ్రీల వేడిలో ముప్పది నిమిషములు కాచి, గోధుమ వెన్ను బొమ్మగల ముద్ర వేయవలెనని అంతర్జాతీయ నియమము. పట్టణములలోని పాఠకులు గోదాముల వద్ద ఆ ముద్రను చూడవచ్చును. అయినను సంచిలో నాలుగు అంట్లు దాచి తెచ్చు యాత్రికుని పట్టుకొనుటకు రేవులోని గుమాస్తా యొక్కడు చాలడు. వేఱుదేశమునకు పోయి వచ్చునపుడు పూలమొక్క కొమ్మ తెచ్చుట మన పెద్దింటివారిలో ముచ్చటగా చెప్పుకొను పనియైనది. వారి పెరటినుండి పొరుగు చేనికి దూరమెంత? మేము గట్టిగా కోరునది రెండు విషయములు. రేవులలో పరీక్షకుల సంఖ్యను పెంచవలెను. క్రొత్త పురుగు ఒక రాష్ట్రమున కనుపించిన నాడే ప్రక్క రాష్ట్రముల రైతులకు దాని బొమ్మతోసహా తెలుగులో, కన్నడములో, తమిళములో తెలుపవలెను. బెంగుళూరు బొప్పాయిమీద 2015లో చూచిన పురుగు రూపము 2021లో మిరప రైతు తన పూవులో చూచునంతవఱకు తెలియకపోవుట క్షమింపదగినది కాదు.

వచ్చినదానికి విరుగుడు లేకపోలేదు. మెక్సికో ప్రాంతపు పిండినల్లి 2008లో కోయంబత్తూరు వద్ద బొప్పాయిమీద కనుపించి, మల్బరీని, కఱ్ఱపెండలమును కూడ పాడు చేసినది. మందులకు లొంగలేదు, పిండివలె కప్పుకొన్న మైనము దానికి కవచము. బెంగుళూరులోని కేంద్ర పరిశోధనాలయమువారు 2010లో ప్యూర్టో రికోనుండి దాని సహజ శత్రువులగు మూడు జాతుల చిన్న ఈగలను తెప్పించి, అవి మఱి దేనికిని హాని చేయవని పరీక్షించి, తోటలలో విడిచిరి. ఇంచుమించు ఒక్క యేడాదిలోనే పిండినల్లి తగ్గిపోయినది. పిచికారీలకు పెట్టు ఖర్చు రైతునకు మిగిలినది.

2016లో పొల్లాచ్చి కొబ్బరితోటలలో దిగి, పిదప మన గోదావరి జిల్లాలలోని కొబ్బరి, ఆయిల్ పామ్ తోటలకు వచ్చిన సర్పిలాకార తెల్లదోమ విషయములోను మార్గమిదియే. అది మధ్య అమెరికాది. ఆకు అడుగున తెల్లని చుట్టలుగా గ్రుడ్లు పెట్టును. తేనెవంటి జిగురు కార్చును. ఆ జిగురుమీద మసి పట్టి ఆకులు నల్లబడును. తోట కాలిపోయినట్లు కనుపించును గాని చెట్టు చావదు. ఇది చూచి భయపడి మందులు కొట్టించినవారు నష్టపడిరి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానమువారు దానికి బూజు పట్టించెడు ఇసారియా శిలీంధ్రమును పెంచి రైతుల కిచ్చుచున్నారు. ఇంతకంటె మేలు చేయుచున్నది ఎన్‌కార్సియా అను ఈగ. దోమ పిల్లలలో గ్రుడ్లు పెట్టి వానిని లోపలినుండి తినివేయును. మందులు చల్లని తోటలో అది తనంతట వృద్ధినందును. అది యున్న ఆకులను కోసి, లేని తోటలోని చెట్లకు కట్టుమని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. పిండినల్లి శత్రువులనువలె దీనిని ఎవరును విమానములో తెప్పించలేదు. తెల్లదోమ వెనుకనే యేదో సరకులో నెక్కి తానై వచ్చినది.